జాదూగోడ యువకుల కెమెరా – మన సంఘాల మౌనం



మన శాఖా సమావేశాలలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. “కుర్రకారు సంఘం ఆఫీసు గడప తొక్కరు, గేటు మీటింగుకు రారు, చందా పుస్తకం కనబడితే పక్కకు తప్పుకుంటారు; పొద్దస్తమానం ఫోను పట్టుకొని వీడియోలు తీయడం, వీడియోలు చూడడమే వారి పని” అని. ఈ మాట అనేవారిలో ముప్పయి ఏండ్ల సర్వీసు నిండినవారు, చార్జిషీట్లు అందుకున్నవారు, దూరప్రాంతపు బదిలీలు భరించినవారు ఉన్నారు. వారి త్యాగాలను మేము తక్కువ చేయము. కాని ఆ మాటను మాత్రం అంగీకరించలేము. ఎందుకు అంగీకరించలేమో చెప్పుటకు పాఠకులను జంషెడ్‌పూర్ దాకా తీసుకొనిపోవలసి ఉన్నది.

టాటానగర్ స్టేషను మనలో చాలమందికి తెలిసినదే. 1907లో స్థాపితమైన ఉక్కు కంపెనీ వలన సాక్చీ అను పల్లె నగరమై, 1919లో దానికి జంషెడ్‌పూర్ అను పేరు, కాలీమాటి స్టేషనుకు టాటానగర్ అను పేరు వచ్చినవి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని పోయినవారు ఆ కొలిమి దగ్గరా, ఆ రైలుపట్టాల మీదా తరతరాలుగా చెమటోడ్చినారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిన వి.వి. గిరిగారు మనవారేనని చెప్పుకొని ఇప్పటికీ గర్వపడుతుంటాము. గర్వపడుట సులభమే. అదే లైనులో టాటానగర్ నుండి ఖరగ్‌పూర్ వైపు కొద్ది దూరం పోగానే రాఖా మైన్స్ అను చిన్న స్టేషను వస్తుంది. అక్కడ జరుగుతూ వచ్చిన పనిని గురించి మన సంఘాలు ఎన్నడైనా గట్టిగా నోరు విప్పినవా?

జంషెడ్‌పూర్‌కు సుమారు పాతిక ముప్పయి కిలోమీటర్ల దూరాన జాదూగోడలో యురేనియం గని ఉన్నది. 1967లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ దానిని నడుపుతూ వచ్చినది. అక్కడి ఖనిజం నాసిరకం. వెయ్యి కిలోల రాయి పొడిచేస్తే చేతికి దక్కే యురేనియం ఒక కిలో కూడ ఉండదు. మిగిలిన పిండి అంతా నీటితో కలిపి గొట్టాల గుండా కొండల నడుమ కట్టిన చెరువులలోనికి వదలుతారు. రాతిలో మొదట ఉన్న రేడియో ధార్మికతలో అధికభాగం ఆ బురదలోనే నిలిచిపోతుంది. ఆ చెరువుల గట్ల కిందనే సంతాల్, హో తెగల పల్లెలు ఉన్నవి. మిల్లులో తేలిన పసుపుపచ్చని ముద్దను, అనగా ఎల్లో కేకును, డ్రమ్ములలో నింపి లారీలలో రాఖా మైన్స్ స్టేషనుకు చేర్చి, అక్కడి నుండి రైలులో హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు పంపుతూ వచ్చినారు. డ్రమ్ములను తగిన రక్షణ లేకుండ కూలీలచేత ఎత్తించి దించుతున్నారనీ, కొన్నింటి మూతలు సరిగా ఉండుటలేదనీ జాదూగోడ ప్రజలు 1990ల నుండి మొరపెట్టుకుంటూ వచ్చినారు. పట్టాలు మనవి, వ్యాగన్లు మనవి, షంటింగు మనది. మొర వారిది.

ఇక్కడ ఒక నెలను గుర్తుచేయవలెను. 1974 మే 8న మన సమ్మె ప్రారంభమైనది. పదిహేడు లక్షల మంది రైల్వే కార్మికుల సమ్మె అది. వేలాదిమందిని జైళ్ళలో కుక్కినారు, క్వార్టర్ల నుండి కుటుంబాలను బయటకు ఈడ్చినారు. ఆనాడు ప్రజలకు వార్త తెలియవలెనంటే ఆకాశవాణి, పత్రిక, అంతే. ఆకాశవాణి ప్రభుత్వ శాఖ కనుక ప్రభుత్వ వాదననే వినిపించినది. సమ్మె పదకొండవ నాడు, మే 18న, పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగినది. దానికి ‘చిరునవ్వు బుద్ధుడు’ అని పేరు. మరునాటి పత్రికల మొదటి పుట పోఖ్రాన్‌కే పోయినది. మే 27న సమ్మె విరమించబడినది. ఆ ఇరవై రోజులలో కాలనీలలో జరిగిన దౌర్జన్యాలకు మన వద్ద కదిలే బొమ్మ ఒక్కటి లేదు. ఉన్నవి జ్ఞాపకాలు, కరపత్రాలు, సస్పెన్షన్ ఉత్తర్వులు. జ్ఞాపకమున్నవారు ఒక్కరొక్కరే రాలిపోతున్నారు.

బుద్ధుడు నవ్విన పాతికేండ్లకు, 1999లో, రాంచీకి చెందిన శ్రీప్రకాశ్ అను యువ దర్శకుడు ఒక వీడియో చిత్రం తీసినాడు. దాని పేరు ‘బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడ’. అనగా జాదూగోడలో బుద్ధుడు ఏడుస్తున్నాడు. పెద్ద స్టూడియో లేదు, పెట్టుబడిదారు లేడు. భుజాన మోయగల వీడియో కెమెరా, క్యాసెట్లు, తన వెంట నడిచే గ్రామస్థులు ఉన్నారు. వ్యర్థపు చెరువుల పక్కన మేసే పశువులను, ఆడుకునే పిల్లలను, పుట్టుకతోనే అవయవలోపాలున్న పసివారిని, వారి తల్లుల మాటలను ఆ కెమెరా చూపినది. 2000లో టోక్యోలోని పర్యావరణ చిత్రోత్సవంలో దానికి బహుమతి వచ్చినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. గ్రామస్థులు అప్పటికే రేడియేషన్ వ్యతిరేక ఝార్ఖండీ సంస్థగా ఏర్పడి ఉన్నారు. మూడవ వ్యర్థపు చెరువు కొరకు 1996లో చాటీకొచా గ్రామపు ఇండ్లపైకి బుల్డోజర్లు వచ్చినపుడు అడ్డునిలిచిన ప్రజలు వారు. చిత్రం వారికి తోడుగా వచ్చినదే గాని, వారికి బదులుగా వచ్చినది కాదు. ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము.

సంస్థ ఏమన్నది? అణుశక్తి విభాగం ఏమన్నది? రేడియేషన్ పరిమితి లోపలే ఉన్నదని, ఆ రోగాలకు కారణం పోషకాహార లోపం, మలేరియా, మద్యపానం అని అన్నవి. పేదవాని రోగానికి పేదవాని అలవాట్లే కారణమను ఈ వాదన మనకు కొత్తది కాదు. లైను మీద గ్యాంగ్‌మన్ బండి కింద పడినపుడు కూడ మొదట వెదకేది అతని తప్పునే. 2004లో సుప్రీంకోర్టు జాదూగోడపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని అణుశక్తి విభాగం సమర్పించిన ప్రమాణపత్రంతో సంతృప్తిపడి కొట్టివేసినది. 2006 డిసెంబరు చివరి వారంలో వ్యర్థాలు మోసే గొట్టం పగిలి బురద వాగులో కలిసినది. 2007లో వైద్యుల సంఘం ఒకటి గని దగ్గరి పల్లెలను, దూరపు పల్లెలను పోల్చి పరిశీలించి, దగ్గరి పల్లెలలో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నవని ప్రకటించినది. 2014లో ఝార్ఖండ్ హైకోర్టు తనంత తానుగా విషయాన్ని విచారణకు తీసుకున్నది. ఈ మొత్తం కాలంలో 1962 నాటి అణుశక్తి చట్టం సమాచారంపై తాళం వేసి ఉంచినది. నివేదిక దొరకదు, కొలత దొరకదు, అడిగినవాడు దేశభద్రతకు శత్రువు. తాళం వేసిన గది గోడకు కెమెరా ఒక కన్నం పెట్టినది. దీనిని కాలక్షేపమని అనగలమా?

అయినను మేము కెమెరాకు గుడి కట్టబోవుట లేదు. జాదూగోడకు కెమెరాలు తక్కువ రాలేదు. దేశవిదేశాల నుండి వచ్చినవి. వికలాంగులైన పిల్లలను వాకిటిలో కూర్చుండబెట్టి బొమ్మలు తీసుకొనిపోయినవి. బొమ్మలు పత్రికలలో, ప్రదర్శనశాలలలో కనిపించినవి. పిల్లలు మాత్రం అదే వాకిట ఉండిపోయినారు. ఎన్నిసార్లు తమ బిడ్డను పరాయివారికి చూపవలెను అని అడిగే తల్లికి ఎవరు సమాధానం చెప్పగలరు? ఆ తల్లి విసుగులో న్యాయం ఉన్నది. కెమెరా వచ్చినది, కెమెరా పోయినది. పోకుండ నిలిచినవారు ఆ ఊరి బిడ్డలే. జాదూగోడలోనే పుట్టి పెరిగిన హో యువకుడు ఆశీష్ బిరులీ తన ఊరిని తానే ఫొటోలు తీసి లోకానికి చూపినాడు. తెల్లవారితే అదే వీధిలో నడవవలసినవాడు తీసిన బొమ్మకు, సాయంత్రపు బండికి వెళ్ళిపోయేవాడు తీసిన బొమ్మకు తేడా ఉంటుంది. మొదటివాడు తాను చూపినదానికి పొరుగువారికి జవాబు చెప్పుకొనవలెను.

జవాబుదారీ లేని ఫోను ఎంత పని చేయగలదో కూడ జంషెడ్‌పూర్ మనకు చూపినది. 2017 మే 18న, ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న బాగ్‌బేడా ప్రాంతంలోను, పక్కనే ఉన్న సరాయికేలా జిల్లాలోను, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవన్న వదంతి నమ్మిన గుంపులు ఒక్కనాడే ఏడుగురిని కొట్టి చంపినవి. వదంతి పాకినది వాట్సాప్‌లో. చావుదెబ్బలు తింటున్నవారిని చుట్టుముట్టి వీడియోలు తీసినవారు కూడ ఉన్నారు. బాగ్‌బేడా అంటే రైల్వే కాలనీ ఉన్న చోటు, మన ఉద్యోగుల పిల్లలు పెరిగే చోటు. అక్కడ కెమెరాలకు కొరత లేకపోయెను, ఆ కెమెరాల వెనుక ఒక సంఘం, ఒక క్రమశిక్షణ, “ఇది నిజమా?” అని అడిగే పెద్ద ఒకడు లేకపోయెను. “యువకులే అన్నీ చూసుకుంటారు, వీడియో పెడితే చాలును, ప్రభుత్వం దిగివస్తుంది” అని ఇంకొక పక్క నుండి మురిసిపోయే మిత్రులకు ఈ ఏడు చావులను జ్ఞాపకం చేస్తున్నాము.

ప్రభుత్వం దిగివచ్చిన సందర్భాలు లేకపోలేదు. అవి ఎట్లు జరిగినవో చూడవలెను. అదే ఝార్ఖండ్‌లో నేతర్‌హాట్ ఫిరంగుల అభ్యాస క్షేత్రానికి వ్యతిరేకంగా 1994 మార్చిలో టుటువాపానీ వద్ద వేలాది ఆదివాసులు దారికి అడ్డంగా కూర్చున్నారు. ఇదే శ్రీప్రకాశ్ ఆ ఉద్యమాన్ని కూడ చిత్రంగా తీసినాడు. ప్రతి మార్చిలోను జనం అక్కడకు తిరిగివస్తూనే ఉన్నారు. 2022 ఆగస్టులో రాష్ట్రప్రభుత్వం ఆ క్షేత్రపు గడువును ఇక పొడిగించబోమని నిర్ణయించినది. ఇరవై ఎనిమిది సంవత్సరాలు! చిత్రం గంటసేపు ఆడి ముగిసినది, జనం ముగియలేదు.

తెలుగునాట మరొక ఉదాహరణ ఉన్నది, అది కొంత చేదుగా కూడ ఉన్నది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ జరుగబోవుచున్నదని తెలిసి చెంచుపెంటల నుండి, కళాశాలల నుండి వ్యతిరేకత లేచినది. యువకులు వీడియోలు, పాటలు, బొమ్మలు సామాజిక మాధ్యమాలలో నింపినారు. సినిమా తారలు గొంతు కలిపినారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసినది. సంతోషమే. కాని అదే సమయాన కడప జిల్లా తుమ్మలపల్లెలో అదే సంస్థ 2012 నుండి నడుపుతున్న గని, మిల్లు పక్కన, తమ బోరుబావుల నీరు చెడినదని, అరటితోటలు ఎండుతున్నవని మొరపెట్టుకున్న రైతుల కొరకు ఏ తార ట్వీటు చేసినది? పచ్చని అడవి, పెద్దపులి తెరమీద అందంగా ఉంటవి. బురదచెరువు పక్కన నిలబడిన రైతు అందంగా ఉండడు. వీడియో లోకపు ఈ పక్షపాతాన్ని సరిచేయగల శక్తి తారలకు లేదు. పల్లెపల్లెకు ఉత్తరం మోసే మనకు, ఊరూరా స్టేషను గల మనకు ఉన్నది. పూర్వపు మెదక్ జిల్లా పస్తాపూర్ దగ్గర చదువురాని దళిత మహిళలు ఇరవై ఏండ్ల కిందటనే కెమెరా పట్టి, వరంగల్ పత్తిరైతుల నష్టాన్ని చిత్రించి, 2008లో తమ సొంత రేడియోను కూడ నడపగలిగినారు. వారి వెనుక గ్రామ సంఘాలు ఉండుటచేతనే అది సాధ్యమైనది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. యాజమాన్యాలు కెమెరాను ఎన్నడును కాలక్షేపమనలేదు. ఇంజను క్యాబులో డ్రైవరు మాటను, కదలికను, ఆవులింతను రికార్డు చేయు యంత్రాలను అమర్చుతున్నారు. రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్ చేతికి జి.పి.ఎస్. ఇచ్చి అతని అడుగులు లెక్కిస్తున్నారు. పోస్టుమాన్ బట్వాడాను ఫోను యాప్ కనిపెట్టుకొని ఉంటుంది. పైనుండి కిందికి చూసే కెమెరాకు భద్రత అని పేరు. కింది నుండి పైకి చూసే కెమెరాకు క్రమశిక్షణారాహిత్యం అని పేరు. మరుగుదొడ్డి లేని క్యాబులో పన్నెండు గంటలు గడిపినవాడు ఆ క్యాబును వీడియో తీసి పెడితే చార్జిషీటు సిద్ధం.

మా ఎరుకలో ఒక యువ ఉద్యోగికి ఈ అనుభవమే ఎదురైనది. వాన నీరు కారుతున్న పనిచోటును ఫోనులో తీసి మిత్రులకు పంపినాడు. అది నలుగురి చేతులు మారి అధికారి కంటపడినది. వివరణ కోరుతూ నోటీసు వచ్చినపుడు అతడు సంఘం ఆఫీసుకు వచ్చినాడు. అక్కడ మనవారు అన్న మొదటి మాట – “ఎవరు తీయమన్నారు నాయనా?” అతడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. సిగ్గుతో వ్రాస్తున్నాము, ఆ మాట అన్నవారిలో మేమును ఉన్నాము.

నియమాలు ఏమంటున్నవి? 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి గాని, 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి గాని ప్రభుత్వ విధానంపై బహిరంగ విమర్శను నిషేధిస్తున్నవి. కాని ఆ నియమంలోనే ఒక మినహాయింపు ఉన్నది: గుర్తింపు పొందిన సంఘపు బాధ్యునిగా, సర్వీసు షరతుల రక్షణ కొరకు సద్భావంతో వెలిబుచ్చే అభిప్రాయానికి ఆ నిషేధం వర్తించదు. దీని అర్థమేమి? ఒంటరి కుర్రవానికి లేని రక్షణ సంఘానికి ఉన్నది. ఒంటరిగా అతడు తీస్తే నేరం. శాఖ బాధ్యునిగా సంఘం పేరుతో బయటపెడితే వాదన. మరి ఆ గొడుగును మడిచి బీరువాలో పెట్టుకొని, వానలో తడుస్తున్నవానిని చూచి నవ్వుట ఏమి న్యాయం?

ఇంకొక సంగతి తపాలా సోదరులకు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం కింద తంతిని ఆపు అధికారం దొరతనానికి ఉండేది. తంతి 2013 జూలైలో మూతబడినది. ఆపు అధికారం మాత్రం ఇంటర్నెట్టు మీదకు బదిలీ అయినది. 2024 సెప్టెంబరు 21, 22 తేదీలలో ఒక ఉద్యోగ పరీక్ష పేరు చెప్పి ఝార్ఖండ్ రాష్ట్రమంతటా మొబైల్ ఇంటర్నెట్టును నిలిపివేసినారు. హైకోర్టు కలుగజేసుకొనవలసి వచ్చినది. పరీక్ష కొరకు ఆపగలిగినవారు సమ్మె కొరకు ఆపలేరా? ఆ రోజు వచ్చినపుడు యువకుల కెమెరాలో ఉన్న బొమ్మ ఊరు దాటుటకు మళ్ళీ సంచీలు, బండ్లు, చేతులు కావలెను.

జాదూగోడ విషయంలో ఒక కష్టాన్ని దాచము. గనిలో పనిచేసేవారు కూడ కార్మికులే. 2014లో లీజు చిక్కులవలన గని పని నిలిచినపుడు పస్తులున్నది అక్కడి కుటుంబాలే. చెరువు గట్టు కింద ఉండే సంతాల్ రైతు కొడుకే గనిలో కూలీ. ఒకే ఇంట రోగమూ, జీతమూ ఆ గని నుండే వస్తున్నవి. కెమెరా పట్టిన యువకుడు గని మూయించుటకు వచ్చినాడని అక్కడి కార్మికుడు అనుమానిస్తే తప్పుపట్టలేము. ఆ ఇద్దరి మధ్య మాట కలుపుట సంఘం చేయవలసిన పని. డ్రమ్ము మోసేవాని ఒంటిపై రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉన్నదా, కొలతను అతనికి చూపుతున్నారా, కాంట్రాక్టు కూలీకి రోగం వస్తే వైద్యం ఎవరిది అను ప్రశ్నలు గని కార్మికునివి, గ్రామస్థునివి, రైల్వే ఉద్యోగివి కూడ. ఇవి సర్వీసు షరతుల ప్రశ్నలే కనుక వీటిని బహిరంగంగా అడుగుటకు పైన చెప్పిన మినహాయింపు మనకు చాలును.

కావున టాటానగర్, ఖరగ్‌పూర్, విజయవాడ, గుంతకల్లు, సికిందరాబాదు శాఖలతోబాటు అన్ని శాఖలవారిని మేము కోరునది ఇది. రానున్న శాఖా సమావేశంలో జాదూగోడ చిత్రాన్ని సభ్యులకు, కుటుంబాలకు ప్రదర్శించవలెను. ప్రమాదకర సరుకును ఎత్తించి దించే స్టేషన్లలో పనిచేసే శాశ్వత, కాంట్రాక్టు సిబ్బంది రక్షణపై వివరాలు కోరుతూ డివిజనల్ అధికారులకు లేఖలు వ్రాయవలెను. ప్రతి శాఖలోను ముప్పయి ఏండ్లలోపు సభ్యులలో ఒకరిని ప్రచార కార్యదర్శిగా ఎన్నుకొని, పనిచోటుల వీడియోలను పదిమందీ చూచి, నిజం నిర్ధారించి, సంఘం పేరుతోనే విడుదల చేయవలెను. చార్జిషీటు వచ్చినచో అది శాఖ మొత్తానికి వచ్చినట్లు భావించవలెను. 1974 సమ్మెలో పాల్గొన్న విశ్రాంత ఉద్యోగులు ఊరూరా ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవారు. మొదటి వీడియోగా వారి మాటలను తీయించండి, ఆలస్యం చేయకండి. తీర్మానాల ప్రతులను సమాఖ్య కార్యాలయానికి సాధారణ తపాలాలో పంపినా చాలును, అందుతవి.